ఇళ్ల చెంత కలుషిత భూగర్భ జలాల శుద్ధి: హింక్లీ లోయలో పర్యవేక్షణ పాఠాలు

కలుషితమైన భూగర్భ జలాన్ని శుద్ధి చేయడం ఒక పని. ఆ శుద్ధి నిజంగా జరుగుతున్నదని నిర్ధారించడం మరొక పని. మొదటి దానికి పంపులు, రసాయనాలు, కొన్ని చోట్ల పంటలు కూడా సాధనాలు. రెండవ దానికి తగిన చోట, తగిన లోతుకు తవ్విన బావులు, ఏళ్ల తరబడి క్రమం తప్పకుండా సేకరించిన నమూనాలు అవసరం. కాలుష్యం జనావాసాలకు దూరంగా ఉన్నప్పుడు ఈ రెండవ పనిలో జరిగే లోపం నివేదికలకే పరిమితం కావచ్చు. ఇళ్ల కింద ఉన్నప్పుడు అదే లోపం తాగే నీటిలోకి వస్తుంది.

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో, మొహావీ ఎడారిలో, బార్‌స్టో పట్టణానికి సమీపాన ఉన్న హింక్లీ అనే చిన్న వ్యవసాయ గ్రామం ఈ విషయంలో ఎంతో లోతుగా అధ్యయనం చేయబడిన ప్రదేశాల్లో ఒకటి. 2000లో విడుదలైన ‘ఎరిన్ బ్రోకోవిచ్’ చలనచిత్రం వల్ల ఆ ఊరి పేరు ప్రపంచానికి తెలిసింది. చలనచిత్రం బాధితులకు పరిహారం లభించడంతో ముగుస్తుంది. నేల కింది నీటి సమస్య మాత్రం అక్కడితో ముగియలేదు. వ్యవసాయ శాస్త్రజ్ఞులు హింక్లీని ప్రత్యేకంగా గమనించడానికి మరొక కారణం కూడా ఉంది. అక్కడ కలుషిత జలాన్ని శుద్ధి చేసే ప్రధాన సాధనాల్లో ఒకటి లూసర్న్ పశుగ్రాసం.

కాలుష్యం పుట్టుక

పసిఫిక్ గ్యాస్ అండ్ ఎలక్ట్రిక్ కంపెనీ 1952లో హింక్లీ వద్ద సహజ వాయువు పైపులైనుపై ఒక కంప్రెసర్ కేంద్రాన్ని ప్రారంభించింది. శీతలీకరణ గోపురాలు తుప్పు పట్టకుండా 1964 వరకు అక్కడి నీటిలో ఆరు సంయోజకత గల క్రోమియాన్ని, అంటే క్రోమియం-6ను కలిపారు. వాడిన నీటిని అడుగున ఎటువంటి కట్టుదిట్టమైన పొర లేని కుంటల్లోకి వదిలారు. ఆ నీరు ఒండ్రు నేలలోకి ఇంకి, భూగర్భ జలంతో కలిసి ఉత్తర దిశగా, ఇళ్లూ పాడి క్షేత్రాలూ ఉన్న వైపు కదిలింది. 1987 డిసెంబరులో, కేంద్రానికి ఉత్తరాన ఉన్న ఒక పరిశీలక బావిలో లీటరుకు 580 మైక్రోగ్రాముల క్రోమియం-6 ఉన్నట్లు కంపెనీ ప్రభుత్వానికి తెలియజేసింది. కాలిఫోర్నియాలో తాగునీటిలో మొత్తం క్రోమియానికి పరిమితి లీటరుకు 50 మైక్రోగ్రాములు. శుద్ధి చేయవలసిందిగా లహోంటన్ ప్రాంతీయ జల నియంత్రణ మండలి ఆ సంవత్సరమే ఆదేశించింది. 1996లో కంపెనీ ఆరు వందల మందికి పైగా నివాసితులకు 33.3 కోట్ల డాలర్ల పరిహారం చెల్లించడానికి అంగీకరించింది.

క్రోమియం రెండు రూపాల్లో రెండు విధాలుగా ప్రవర్తిస్తుంది. క్రోమియం-6 ఋణావేశం గల క్రోమేట్‌గా నీటిలో కరిగి ఉంటుంది. క్షార గుణం, ప్రాణవాయువు ఉన్న నీటిలో అది మట్టి రేణువులను పెద్దగా అంటుకోదు. నీరు ఎటు పోతే అటు పోతుంది. క్రోమియం-3 దాదాపు కరగదు. హైడ్రాక్సైడ్‌గా మట్టిలోనే చిక్కుకుంటుంది, విషగుణం కూడా చాలా తక్కువ. కాబట్టి హింక్లీలో ‘శుద్ధి’ అంటే క్రోమియాన్ని తీసివేయడం కాదు, దాని రూపాన్ని మార్చి నేలలో నిలిపివేయడం. పర్యవేక్షణ ఇంత కాలం, ఇంత జాగ్రత్తగా సాగవలసి రావడానికి మూల కారణం ఇదే. నేలలోని మాంగనీసు ఆక్సైడులు అనుకూల పరిస్థితుల్లో క్రోమియం-3ను తిరిగి క్రోమియం-6గా మార్చగలవు. అందువల్ల నిలిచిన క్రోమియం నిలిచే ఉన్నదా అన్నది కూడా చూడవలసిన విషయమవుతుంది.

లూసర్న్ పొలమే శుద్ధి కేంద్రం

1990వ దశకంలో కలుషిత నీటిని తోడి లూసర్న్ పొలాలపై తుంపర్లుగా చల్లారు. తడి నేలలోని సేంద్రియ పదార్థం, వేరు మండలంలోని సూక్ష్మజీవులు క్రోమియం-6ను క్రోమియం-3గా మార్చాయి. పద్ధతి పనిచేసింది. కాని క్రోమియం-6ను పీల్చడం క్యాన్సర్‌కు కారణమవుతుంది. తుంపర్లు గాలిలో కలిసి ఇళ్ల వైపు వెళ్లవచ్చునన్న ఆందోళనతో 2001లో ఆ పద్ధతిని నిలిపివేశారు. 2004 నుంచి ఒక పాడి క్షేత్రపు భూముల్లో నీటిని నేల లోపల అమర్చిన బిందు సేద్యపు గొట్టాల ద్వారా వేరు మండలానికే ఇవ్వసాగారు. నీటిని పొలానికి చేర్చే మార్గం మారడంతో గాలి ద్వారా జరిగే ముప్పు తొలగింది.

లూసర్న్‌ను ఎంచుకోవడంలో వ్యవసాయ శాస్త్రపు తర్కం స్పష్టంగా కనిపిస్తుంది. అది బహువార్షికం, వేళ్లు లోతుకు పోతాయి, ఎడారి ఎండలో విస్తారంగా నీటిని వినియోగించుకుంటుంది, ఏడాదికి పలు కోతలిస్తుంది. పంట ఎంత ఎక్కువ నీరు తాగితే అంత ఎక్కువ కలుషిత జలాన్ని తోడవచ్చు. తోడిన మేరకు ఆ చోట నీటిమట్టం తగ్గి, చుట్టుపక్కల కలుషిత జలం ఊరి వైపు కాక పంపుల వైపు మళ్లుతుంది. మొక్కలు వేళ్ల నుంచి క్రోమియాన్ని ఆకులకు చేర్చేది అత్యల్పం. అయినా గ్రాసం పశువుల దాణాగా వెళ్తుంది కనుక ఆకు నమూనాలను కూడా పరీక్షించవలసిందే.

నీటి లెక్క ఇక్కడే చిక్కు తెస్తుంది. సాధారణ సేద్యంలో లవణాలు పేరుకోకుండా కొంత నీటిని అదనంగా ఇచ్చి వేరు మండలం కిందికి దింపడం మంచి యాజమాన్య పద్ధతి. 100 మిల్లీమీటర్ల నీరు ఇచ్చి, అందులో 80 పంట వాడుకుంటే, మొత్తం లవణం మిగిలిన 20 మిల్లీమీటర్లలో చేరుతుంది. అంటే కిందికి దిగే నీటిలో లవణ సాంద్రత సుమారు 5 రెట్లవుతుంది. క్రోమియం వేరు మండలంలోనే నిలిచిపోవచ్చు. మొత్తం కరిగిన లవణాలు, పంట వాడుకోగా మిగిలిన నైట్రేటు, సహజంగా నేలలో ఉన్న యురేనియం మాత్రం ఆ 20 మిల్లీమీటర్లతో కలిసి భూగర్భ జలాన్ని చేరగలవు. సేద్యపు నీటిలోని బైకార్బొనేటు, కాల్షియం యురేనియాన్ని కరిగిన స్థితిలో ఉంచడానికి తోడ్పడతాయి. అదనపు నీరు ఇవ్వకపోతే పంట లవణాల వల్ల దెబ్బతింటుంది. పంట దెబ్బతింటే తోడగలిగే నీరు తగ్గుతుంది. తోడకం తగ్గితే కలుషిత జలం ముందుకు సాగుతుంది. ఈ రెండింటి మధ్య సమతౌల్యం వారం వారం మారుతుంది. దానిని నిలబెట్టేది నీటిపారుదల షెడ్యూలు మాత్రమే కాదు, వేరు మండలం కింద అమర్చిన లైసీమీటర్ల నుంచి తీసిన నీటి నమూనాలు కూడా. క్రోమియం ఒక్కదానినే కొలిచే పర్యవేక్షణ ఈ పొలాన్ని పూర్తి విజయంగా నమోదు చేస్తుంది. పొరుగింటి బావిలో నైట్రేటు పెరిగితే ఆ విషయం దానికి తెలియదు.

చలికాలం మరొక సమస్య. పంటకు నీటి అవసరం తగ్గగానే తోడకం కూడా తగ్గించవలసి వస్తుంది; సరిగ్గా ఆ నెలల్లోనే నీటి ప్రవాహంపై పట్టు సడలుతుంది. అందుకని లూసర్న్‌తో పాటు ఇతర పశుగ్రాసాలను కూడా పండించారు. కలుషిత జలం వాయవ్య దిశగా జారకుండా మంచి నీటిని నేలలోకి ఎక్కించి అడ్డుకట్టలా నిలిపారు. అటువంటి అడ్డుకట్ట ఉన్నదీ లేనిదీ రసాయన పరీక్షలు ఆలస్యంగా చెబుతాయి. బావుల్లోని నీటిమట్టాలు ముందే చెబుతాయి. అందువల్ల హింక్లీలో నీటిమట్టాల కొలతకు నాణ్యత పరీక్షలతో సమాన ప్రాధాన్యం లభించింది. ఇది ఇతర చోట్ల తరచు విస్మరించబడే అంశం.

నేల లోపలే శుద్ధి

కాలుష్యం తీవ్రంగా ఉన్న భాగంలో మరో పద్ధతిని అనుసరించారు. బావుల ద్వారా ఇథనాల్‌ను నేలలోకి ఎక్కించారు. సూక్ష్మజీవులు దానిని ఆహారంగా వాడుకుంటూ నీటిలోని ప్రాణవాయువును, తరువాత నైట్రేటును ఖర్చు చేస్తాయి. అలా ఏర్పడే క్షయకరణ పరిస్థితిలో క్రోమియం-6 వేగంగా క్రోమియం-3గా మారి నిలిచిపోతుంది. వరి మడిలో నీరు నిలిచినప్పుడు నేలలో జరిగే మార్పులు తెలిసినవారికి ఇందులో కొత్తదనం తోచదు. వరి మడిలో ఇనుము, మాంగనీసు కరిగి పైకి వచ్చినట్లే ఇక్కడ కూడా అవి కరుగుతాయి. వాటిని అంటిపెట్టుకుని ఉన్న ఆర్సెనిక్ కూడా విడుదల కావచ్చు.

అంటే ఒక విషాన్ని అణచే చర్యే మరొక దానిని లేపగలదు. ప్రవాహ దిశలో ముందుకు సాగి ప్రాణవాయువు తిరిగి లభించే చోట మాంగనీసు, ఆర్సెనిక్ చాలా వరకు మళ్లీ స్థిరపడతాయి. అది ఎంత దూరంలో జరుగుతున్నదో బావులు చూపాలి, సిద్ధాంతం కాదు. ఇథనాల్ ఎక్కించిన చోటికీ మొదటి ఇంటికీ మధ్య తగినన్ని పరిశీలక బావులు ఉండడం ఈ పద్ధతికి కనీస షరతు.

సహజ స్థాయి ఎంత?

శుద్ధి ఎక్కడ ఆగాలి? మానవుడు చేర్చిన క్రోమియం పోయి సహజంగా ఉన్నది మాత్రమే మిగిలినప్పుడు. వినడానికి సులభమైన ఈ సమాధానం హింక్లీలో ఏళ్ల తరబడి వివాదానికి కారణమైంది. పశ్చిమ మొహావీలో కొన్ని రాళ్లలో క్రోమియం సహజంగానే ఉంది. వాటి నుంచి ఏర్పడిన ఒండ్రులో, క్షార గుణం గల నీటిలో, కర్మాగారం లేని చోట్ల కూడా క్రోమియం-6 కనిపిస్తుంది. 2007లో కంపెనీ సమర్పించిన అధ్యయనం సహజ స్థాయి గరిష్ఠంగా లీటరుకు 3.1 మైక్రోగ్రాములని పేర్కొంది. ఆ సంఖ్యను దాటిన బావి కలుషితం, దాటనిది సహజం అని మ్యాపుపై గీత గీయబడింది. అయితే అందులో నమూనాలు తీసిన బావుల ఎంపికపై, లెక్క కట్టిన తీరుపై స్వతంత్ర శాస్త్రజ్ఞులు తరువాత అభ్యంతరాలు తెలిపారు.

మ్యాపుపై ఆ గీత ఎక్కడ పడుతుందన్నది నివాసితులకు శాస్త్ర చర్చ కాదు. గీత లోపలి ఇంటికి ప్రత్యామ్నాయ నీరు, కొనుగోలు ప్రతిపాదన. బయటి ఇంటికి అనుమానం, తరిగే ఆస్తి విలువ. 2010 తరువాత కలుషిత ప్రాంతం అనుకున్న దానికంటే విస్తరించినట్లు తేలడంతో అనేక కుటుంబాలు ఇళ్లు అమ్మి వెళ్లిపోయాయి. కొన్న ఇళ్లను కంపెనీ కూల్చివేసింది. 2013లో ఊరి పాఠశాల మూతపడింది.

పైగా మూడు వేర్వేరు సంఖ్యలు వాడుకలో ఉండడం గందరగోళాన్ని పెంచింది. కాలిఫోర్నియా 2011లో క్రోమియం-6కు ప్రకటించిన ఆరోగ్య లక్ష్యం లీటరుకు 0.02 మైక్రోగ్రాము. 2014లో నిర్ణయించి, 2017లో న్యాయస్థానం తీర్పుతో రద్దయి, 2024 అక్టోబరు నుంచి తిరిగి అమలులోకి వచ్చిన చట్టబద్ధ పరిమితి 10. సహజ స్థాయి వీటి రెండింటి మధ్య ఎక్కడో ఉంది. బావిలో 4 ఉన్న కుటుంబానికి ఆ నీరు చట్టం ప్రకారం అనుమతించదగినది, ఆరోగ్య లక్ష్యం ప్రకారం 200 రెట్లు, శుద్ధి ఆదేశం ప్రకారం సందేహాస్పదం. పరీక్ష ఫలితం పంపేటప్పుడు ఈ మూడింటి తేడా వివరించకపోతే అధికారి నిజమే చెప్పినా వినేవారికి అది దాటవేతలాగే వినిపిస్తుంది.

చివరికి అమెరికా భూగర్భ పరిశోధన సంస్థకు ఈ ప్రశ్న అప్పగించబడింది. జాన్ ఇజ్‌బికీ నాయకత్వంలో సాగిన ఆ అధ్యయనం 2023లో పూర్తి నివేదికగా వెలువడింది. అధ్యయన ప్రణాళికను చర్చించిన సాంకేతిక కార్యవర్గంలో నివాసితుల పక్షం కూడా ఉంది. ఇందులో ఒకే సంఖ్యపై ఆధారపడలేదు. నేల పొరల ఖనిజాలు, క్రోమియానికీ మాంగనీసుకూ ఉన్న నిష్పత్తి, నీటి ఉదజని సూచికతో క్రోమియం-6 సంబంధం, కాలక్రమంలో వచ్చిన మార్పు, నీటి వయస్సు వంటి అనేక ఆధారాలను ప్రతి బావికీ కలిపి చూశారు.

వీటిలో నీటి వయస్సు విశేషమైనది. వాతావరణంలో జరిపిన ఉష్ణకేంద్రక బాంబు పరీక్షల వల్ల 1952 నుంచి వాన నీటిలో ట్రిటియం బాగా పెరిగింది. కంప్రెసర్ కేంద్రం మొదలైనది కూడా 1952లోనే. కాబట్టి ట్రిటియం లేని నీరు కేంద్రం పుట్టక ముందే నేలలో ఇంకినది. అందులోని క్రోమియం-6 సహజమైనదని చెప్పడానికి అది బలమైన ఆధారం. కాకతాళీయమైన ఈ తేదీ పరిశోధకులకు గొప్ప సాధనమైంది. సహజ స్థాయి లోయ అంతటా ఒకటి కాదని, ఉపప్రాంతాన్ని బట్టి మారుతుందని అధ్యయనం తేల్చింది. కలుషిత ప్రాంతం 2015 చివర అధికారిక మ్యాపు చూపినదానికంటే పెద్దది, అంతకు ముందు గీసిన అతి పెద్ద మ్యాపు కంటే చిన్నది. ఇరు పక్షాల వాదనల్లోనూ కొంత నిజం ఉన్నదన్న మాట.

ఇంటి బావి, పరిశీలక బావి

ఇంటి బావి నీటి కోసం తవ్వినది. దానికి పొడవైన చిల్లుల కేసింగ్ ఉంటుంది. అనేక పొరల నీరు కలిసి వస్తుంది. ఒక పలుచని పొరలో 40 మైక్రోగ్రాములు ఉన్నా, మిగిలిన పొరల నీటితో కలిసి కుళాయి దగ్గర 5గా కనిపించవచ్చు. పరిశీలక బావి ఒక నిర్దిష్టమైన లోతు నీటిని మాత్రమే చూపేందుకు తవ్వినది. ఒకే చోట రెండు మూడు లోతులకు విడివిడిగా వేస్తారు. మొదటిది ‘ఈ కుటుంబం ఏమి తాగుతున్నది’ అనే ప్రశ్నకు, రెండవది ‘కాలుష్యం ఎక్కడ ఉన్నది, ఎటు పోతున్నది’ అనే ప్రశ్నకు జవాబిస్తుంది. ఒకదాని జవాబును మరొక ప్రశ్నకు వాడడం పర్యవేక్షణలో తరచుగా జరిగే పొరపాటు.

నమూనా తీసే తీరు కూడా ఫలితాన్ని మారుస్తుంది. బావి గొట్టంలో నిలిచిన నీటిని తోడివేసి, ఉదజని సూచిక, విద్యుద్వాహకత నిలకడకు వచ్చాకే సీసా నింపాలి. క్రోమియం-6 నమూనాను అక్కడే వడపోసి, దాని రూపం మారకుండా క్షార స్థితిలో, చల్లగా భద్రపరచి ప్రయోగశాలకు చేర్చాలి. గడపలో మూత పెట్టి ఉంచిన సీసా మరునాటికి చెప్పే సంఖ్యకు విలువ లేదు.

తెలుగు నేలలో పరిస్థితి

భారత ప్రమాణాల సంస్థ తాగునీటి ప్రమాణం మొత్తం క్రోమియానికి లీటరుకు 0.05 మిల్లీగ్రాము, అంటే 50 మైక్రోగ్రాముల పరిమితినే విధించింది. తమిళనాడులోని రాణిపేటలో మూతపడిన క్రోమేట్ కర్మాగారపు వ్యర్థాల గుట్ట హింక్లీకి దగ్గరి ఉదాహరణ. తెలంగాణలో పటాన్‌చెరు–బొల్లారం ప్రాంతం వేరు. అక్కడ మంజీరాలో కలిసే నక్కవాగు వెంట పొలాలు, బావులు పారిశ్రామిక వ్యర్థ జలాలతో దెబ్బతిన్నాయి. 1990లో విషయం సుప్రీంకోర్టుకు చేరింది. 2009లో వెలువడిన ఒక అంతర్జాతీయ అధ్యయనం ఆ పరిసరాల్లోని చెరువుల్లోనే కాక గ్రామాల బావుల్లో కూడా మందుల అవశేషాలను గుర్తించింది. ఉదజని సూచిక, కరిగిన లవణాలు, కాఠిన్యం కొలిచే సాధారణ పరీక్ష వాటిని పట్టుకోలేదు. ఏ పరిశ్రమ ఏమి తయారు చేస్తున్నదో తెలిస్తేనే బావిలో దేనికోసం వెతకాలో తెలుస్తుంది.

హింక్లీ అనుభవాన్ని ఇక్కడికి తెచ్చేటప్పుడు భూగర్భ నిర్మాణంలో తేడాను మరువరాదు. అక్కడిది ఒండ్రు, నీరు ఇసుక పొరల్లో కొంత అంచనాకు అందే విధంగా కదులుతుంది. పటాన్‌చెరు వద్ద గ్రానైటు. నీరు పైనున్న శైథిల్య పొరలోను, దాని కింద రాతి పగుళ్లలోను ఉంటుంది. ఒక బోరులో కాలుష్యం ఉండి, పక్క ఇంటి బోరులో లేకపోవడం ఇక్కడ అసహజం కాదు. పగులు ఎటు సాగితే నీరు అటు పోతుంది. సమాన దూరాల్లో వేసిన బావుల వరుస ఇక్కడ తప్పుడు భరోసా ఇస్తుంది. శైథిల్య పొరకు ఒకటి, పగుళ్లకు ఒకటి చొప్పున జంట పీజోమీటర్లు వేసి, వాడుకలో ఉన్న ఇళ్ల బోర్లను వాటికి జతపరచడం మేలు.

రుతుపవనాల ప్రభావం మరొక తేడా. కేంద్ర భూగర్భ జల మండలి నీటిమట్టాలను జనవరి, మే, ఆగస్టు, నవంబరు నెలల్లో కొలుస్తుంది. నాణ్యత పరీక్షలు కూడా కనీసం మే, నవంబరుల్లో ఒకే బావుల్లో జరగాలి. వానల తరువాత తగ్గిన సాంద్రత శుద్ధి ఫలితమా, వాన నీరు కలవడం వల్ల వచ్చిన పలుచదనమా అన్నది క్లోరైడుతో పోల్చి చూడవచ్చు. క్లోరైడు నేలలో చర్య జరపదు, స్థిరపడదు. మే నుంచి నవంబరుకు క్లోరైడు సగానికి తగ్గి, కాలుష్య కారకం కూడా సగానికే తగ్గితే జరిగినది పలుచబడడమే కావచ్చు. వేసవికి అది తిరిగి పెరుగుతుంది. కలిసిన నీటిలోనే క్లోరైడు గణనీయంగా ఉంటే ఈ లెక్కను అందుకు తగినట్లు సవరించాలి. క్లోరైడు సగమై, కాలుష్య కారకం నాలుగో వంతుకు పడిపోయి, వరుసగా మూడు నాలుగు మే నెలల్లో కూడా ఆ తేడా నిలిచినప్పుడు, అక్కడ నేల తన పని తాను చేస్తున్నదని చెప్పడానికి ఆధారం లభిస్తుంది.